తాడు పెరిగింది

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదు తల్లీ. సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది. తాటాకు ఇళ్ళు, ఇళ్ళ ముందు ఆరేసిన వలలు. ఆ ఊళ్ళో ఎవరూ చెడ్డమాట పైకి అనేవాళ్ళు కాదు.

ఎందుకంటావా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. మనం ఏ మాటంటే ఆ మాటకి "తథాస్తు", అలాగే కానీ, అనేస్తారట. అందుకని దీపం ఆరిపోతే కొండెక్కింది అనేవాళ్ళు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనేవాళ్ళు. చేతిగాజు చిట్లినా, మెడలో పుస్తెలతాడు తెగినా, పెరిగింది అనేవాళ్ళు. చూశావా, తెగినదాన్ని పెరిగిందంటారు!

ఆ ఊరికి నూకాలు అనే పిల్ల కోడలై వచ్చింది. మొగుడు పోలయ్య. అత్త గురువులమ్మ. మరిది దానయ్య, నవ్వితే ఇల్లంతా నవ్వేది. వానాకాలం వెళ్ళాక అతని పెళ్ళి చేద్దామనుకున్నారు.

నూకాలుకి బెంగ ఎక్కువ. మొదటి బెంగ పొయ్యి దగ్గర పుట్టింది.

"అత్తా, కప్పు మరీ కిందకుంది. నిప్పురవ్వ ఎగిరితే?" అంది.

"ఏటే ఆ మాట! దేవతలు ఇంటారు, నోరు ముయ్యి!" అంది గురువులమ్మ.

నూకాలు నోరు మూసుకుంది గానీ, పొయ్యి పక్కన ఒక కుండెడు నీళ్ళు పెట్టుకుంది. అప్పుడు ఒక గాలిరోజున రవ్వ ఎగిరింది, తాటాకు అంటుకుంది. నూకాలు కుండ ఎత్తి పోసింది. ఇల్లు నిలిచింది. కానీ అత్త ఏమందో తెలుసా? "నువ్వు అన్నావు కాబట్టే అంటుకుంది" అంది.

ఆ తర్వాత రెండో బెంగ పుట్టింది. ఉప్పెనొచ్చి సముద్రం ఊరిని మింగేస్తుందేమోనని. దానికి కుండతో పని జరగదు కదా. సముద్రానికి ఎవరు అడ్డం పెడతారు? నూకాలు తిండి మానేసింది, చిక్కిపోయింది. వానాకాలం వెళ్ళిపోయింది. ఉప్పెన రాలేదు, పోయిన ఒళ్ళు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు ఆ పిల్ల తనలో తాను అనుకుంది, నా బెంగలన్నీ వట్టివే కాబోలని. అక్కడే తల్లీ, పొరపాటు. కుండ పెట్టించిన బెంగనీ, తిండి మాన్పించిన బెంగనీ ఒకే మూటలో కట్టేసింది.

అప్పుడు మూడో బెంగ పుట్టింది.

అన్నదమ్ములిద్దరూ తెప్ప మీద వేటకెళ్ళేవాళ్ళు. తెప్పంటే నాలుగు దుంగలు. పక్కపక్కన పేర్చి కొబ్బరితాడుతో బిగించి కడతారు. తిరిగొచ్చాక విప్పి ఆరబెడతారు. మళ్ళీ వెళ్ళేటప్పుడు మళ్ళీ కడతారు. ఆ తాడే వాళ్ళ ప్రాణం. ఒకరోజు పొద్దున్నే దానయ్య తెప్ప కడుతుంటే నూకాలు చద్ది పట్టుకెళ్ళింది. వెనకవైపు తాడు చూసింది. పైకి బాగానే ఉంది, లోపల మాత్రం నల్లబడి, పీచు పీచుగా ఉంది.

తాడు తెగిపోతుంది అని నోటిదాకా వచ్చింది. కానీ వేటకెళ్ళే మనిషి ముందు, సముద్రం ముందు, ఆ మాటెలా అంటుంది? రవ్వ సంగతి గుర్తొచ్చింది. మాట మింగేసింది. మంచి మాట వెతుక్కుంది.

"దానయ్యా, తాడు పెరిగినట్టుంది. చూసుకో" అంది.

దానయ్య పకపకా నవ్వాడు. "పెరిగితే మంచిదే కదొదినా! ఇంకో రెండు చుట్లు చుడతాను. నీ బెంగ ఈ తాడుకంటే పొడుగు" అన్నాడు. ఆ మాట గాజులకి, పుస్తెలకి అంటారని అతనికి తెలుసు. తెప్పతాడుకి ఎవరంటారు? పొడుగైందనుకున్నాడు. ఆ పుచ్చిన తాడునే ఇంకో రెండు చుట్లు చుట్టాడు. అన్నదమ్ములిద్దరూ తెప్పని కెరటంలోకి తోశారు.

నూకాలు వెనక పరిగెత్తాలనుకుంది. వెళ్ళే తెప్పని వెనక్కి పిలవకూడదంటారు. నిలబడిపోయింది.

మధ్యాహ్నానికి పోలయ్య ఒక దుంగని కౌగిలించుకుని ఒడ్డుకొచ్చాడు. ఒక్కడే.

దానయ్య ఏడీ అంటావా? రాలేదమ్మా. మూడు రోజులు వెతికారు. మొదటి రోజు తెడ్డు దొరికింది. రెండో రోజు తలపాగా దొరికింది. మూడో రోజు ఏమీ దొరకలేదు.

ఊరంతా నూకాలునే చూసింది. గురువులమ్మ కోడలి జుట్టు పట్టుకుంది. "ఏటన్నావే నా కొడుకుతో? ఏ పాడుమాట అన్నావే?" అని గుంజింది.

"అన్లేదత్తా" అంది నూకాలు. "తెగుద్దని అన్లేదు. పెరిగిందన్నాను. మంచిమాటే అన్నానత్తా."

గురువులమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత జుట్టు వదిలి, ఇసకలో కూలబడి, గొంతు పోయేదాకా ఏడ్చింది. ఆ ఏడుపు విన్న దేవతలు ఏమనుకున్నారో, నాకిప్పటికీ తెలీదు.

రెండు నెలలు ఆ ఇంట్లో ఎవరూ సముద్రం వైపు చూడలేదు. కానీ ఆకలికి ఇవన్నీ తెలీవు కదా. అప్పుడు పోలయ్య కొత్త దుంగలు తెచ్చాడు. ఊళ్ళోవాళ్ళు సాయం వచ్చి ఇంట్లో ఉన్న తాడుతో తెప్ప కట్టారు. తోసే ముందు గురువులమ్మ కోడలి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఎక్కడ భయంగా ఉందో చెప్పు" అంది.

నూకాలు తెప్ప మీదకి వంగింది. తాడంతా వేళ్ళతో తడిమింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ కొంచెం... పెరిగేలా..." అని నసిగింది.

"ఆ మాట కాదే! ఉన్న మాట చెప్పు!"

"తెగుద్దత్తా" అంది నూకాలు. "ఇక్కడ తెగిపోద్ది."

ఒడ్డు మీద అందరూ చెవులు మూసుకున్నారు. ఒకావిడ "ఓలమ్మో!" అని ఏడుపు కూడా మొదలెట్టింది. గురువులమ్మ ఆకాశం వైపు ఒక్కసారి చూసింది. "అనండర్రా తథాస్తని! అంటే నాకు లెక్కా?" అని అరిచింది. అప్పుడు చేపల కత్తిపీట మీద పెట్టి ఆ తాడుని అక్కడే కోసేసింది. తన చేతుల్తోనే కొత్త తాడు కట్టింది.

సాయంత్రానికి పోలయ్య తిరిగొచ్చాడు. గురువులమ్మ రెండు కంచాలు వడ్డించింది, కొడుక్కొకటి, కోడలికొకటి. మూడోది తీసి, తుడిచి, మళ్ళీ గూట్లో పెట్టేసింది.

కథ నడిచి కంచికి,
కెరటం జారి కడలికి,
మనం మళ్ళి ఇంటికి,
నిదర నీ కంటికి.