ఏరు దాటిన తట్టెడు మట్టి

"స్వామీ, వీళ్ళు దొంగదారిన ఎందుకొస్తారు? రాజమార్గాన రావచ్చు కదా?"

ముత్తేలరేవు అధికారి కోనప్ప ఒక ఉదయం తన గురువు చిదంబరయ్యగారిని అడిగిన ప్రశ్న ఇది. కోపంతో అడిగాడనుకునేరు, కాదు, బాధతోనే అడిగాడు. ఏటి అవతలి రాజ్యంలో దండు ఊళ్ళు తగలబెడుతోంది. అక్కడివాళ్ళు చీకట్లో బుట్టల్లాంటి దొంగ పుట్టీలెక్కి ఇటు వస్తున్నారు. ముందురోజే ఒక పుట్టి సుడిలో పడి తిరగబడింది. శవాలను ఒడ్డుకు లాగించినవాడు కోనప్పే.

చిదంబరయ్యగారికి వాదించే అలవాటు లేదండీ. "మన రాజుగారి శాసనం ఏమంటుంది?" అన్నారు.

"ఆశ్రయం కోరేవాళ్ళు మన నేల మీద నిలబడి అడగాలి. అడిగితే నేను విచారించి తీరాలి. న్యాయం ఉంటే ముద్ర వేసి చీటీ ఇవ్వాలి."

"మంచి శాసనమే. ఈ రేవులో ఒక తట్టెడు మట్టి తవ్వుకో. అవతలి గట్టు దాకా పోయొద్దాం."

ఎందుకని అడగలేదు కోనప్ప. తలపాగా మీద తట్ట పెట్టుకుని బల్లకట్టు ఎక్కాడు. అంతటి అధికారి తట్ట మోస్తుంటే బల్లకట్టు నడిపే సాంబడు ఊరుకుంటాడా? "ఏం దొరా, అవతల మట్టికి కూడా కరువొచ్చిందంటనా?" అన్నాడు.

అవతలి గట్టున చంటిపిల్లతో, కాలు కాలిన అత్తగారితో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పేరు నీలవ్వ. మొగుణ్ణి దండువాళ్ళు చంపేశారు. "ఈ బల్లకట్టు ఎక్కలేదేం తల్లీ?" అని గురువుగారు అడిగితే, ఆమె కోనప్పను ఎగాదిగా చూసింది.

"చీటీ ఉంటేనే ఎక్కనిస్తారంట. చీటీ ఇచ్చేది ఆ గట్టునంట. చీటీ లేకుండా ఆ గట్టుకు ఎట్టా పోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. పొద్దుగూకినాక పుట్టివాడు వస్తానన్నాడు. మునుగుతామో, తేలతామో."

కోనప్ప తల వంచుకున్నాడు. చీటీ లేనివాళ్ళను ఎక్కించవద్దని సాంబడికి చెప్పింది తనే మరి.

గురువుగారు తట్ట దింపించి, ఆ మట్టిని అక్కడే పరిపించి చదును చేయించారు. "దీని మీద నిలబడు తల్లీ. కోనప్పా, ఇది ఎవరి నేల?"

కోనప్ప వంగి ఆ మట్టిని వేళ్ళతో తడిమాడు. తర్వాత నవ్వాడు చూడండి, ఏరంతా వినబడేట్టు నవ్వాడు. "మనదే స్వామీ. ఇందాక నేనే తవ్వాను."

నీలవ్వ దాని మీద నిలబడి ఆశ్రయం అడిగింది. అధికారి అక్కడే గొంతుక్కూర్చుని విచారించి, ముద్ర వేశాడు. అది చూసి తుప్పల చాటు నుంచి ఇంకా జనం బయటికొచ్చారు. ఒక్కొక్కరే ఆ మట్టి మీద నిలబడ్డారు. న్యాయం లేనివాళ్ళూ ఒకరిద్దరు ఉన్నారు, లేకపోలేదు. వాళ్ళు వచ్చిన దారినే నడిచి వెళ్ళారు, ఏటిలో మాత్రం పడలేదు. బల్లకట్టు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిండుగా తిరిగి వస్తుంటే, ఇవతల రేవులో బట్టలు ఉతికేవాళ్ళు పని ఆపి మరీ ఎదురెళ్ళారు. పొద్దుగూకాక వచ్చిన పుట్టివాడు ఖాళీ గట్టును చూసి తిట్టుకుంటూ పోయాడట.

రాజుగారు ఏమంటారోనని కోనప్ప బెంగపడ్డ మాట నిజం. ఆయన సంగతంతా విని, "అయితే రోజూ పొద్దున్నే అవతలి గట్టునే కూర్చో" అని శాసనంలో ఒక వాక్యం చేర్పించారు. ఆ ఏట్లో మళ్ళీ దొంగ పుట్టి తిరిగితే ఒట్టు.

ఆ శాసనం చేతబట్టుకుని కోనప్ప పరుగున గురువుగారి దగ్గరికొచ్చాడు. సంబరం ఒక పక్క, సందేహం ఒక పక్క. "స్వామీ, ఇట్లా దారి తెరిచాక రేపు ఎంతమంది వస్తారో?"

"పగలు వస్తారు నాయనా," అన్నారు చిదంబరయ్యగారు. "మొహాలు కనబడతాయి."