పాదిరి కొంగ చెవిలో వేసిన మాట

స్పెయిను దొరలు ఫిలిప్పీన్ దీవుల్ని ఏలే రోజుల్లో అక్కడో వరిపొలాల ఊరు. గంట మోగితే లేవాలి, గంట మోగితే మోకరించాలి. ఆ గంట తాడు తెల్లకొంగ పాదిరి చేతిలో ఉండేది. ఓడ దిగి వచ్చి గేదెల వీపెక్కినవాడు మళ్ళీ దిగితే ఒట్టు.

మార్సెలా అనే గేదెకి ఆ వారమంతా మేత సయించలేదు. దొరల ఓడలకి దుంగలు లాగడానికి దున్నల్ని పట్టుకుపోతున్నారు. పోయినేడు పెద్దకొడుకుని తోలుకుపోయారు, వాడు తిరిగి రాలేదు. అందుకే చిన్నవాణ్ణి వెదురుపొదల్లో దాచింది. ఈస్టరు వస్తోంది, పాదిరి చెవిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం తప్పదు. అందులో ఏదైనా దాచిపెడితే నరకమని పాదిరి అననే అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పొరుగింటి కోడి తిండాంగ్ పోయినేటి సంగతి ఎత్తింది. తన పెనిమిటి కూడా, అడవిలో దాక్కున్న తమ్ముడి జాడ పాదిరి చెవిలోనే ఊదాడట. మూడోనాటికి దొరల కుక్కలు తిన్నగా ఆ పొదకే వెళ్ళాయట.

"ఆ చెవిలో పడ్డది దేవుడికి తప్ప ఎవరికీ చేరదన్నాడు కదా వదినా," అంది గేదె బెంగగా.

"అయితే కుక్కలకి దేవుడే చెప్పాడంటావా?"

తన వంతు రాగానే గేదె మోకరించి, బిడ్డని ఉప్పుటేటి పక్క మడ అడవిలో దాచానని చెప్పేసింది. కొంగ కళ్ళు మూసుకుని విని, పది జపాలు చేయమని పాపం మన్నించాడు. కొంగజపం సంగతి తెలిసినా, దేవుడి ముందు అబద్ధమాడానన్న భయం గేదెని వదల్లేదు. గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

మూడోనాడు దొరల కుక్కలు మడ అడవిలో మెడదాకా దిగబడిపోయాయి. మోకు కట్టి వాటిని బయటికి లాగే పని మార్సెలాకే పడింది.

ఆదివారం, గుడి ముంగిట ఊరంతా ఉండగా, కొంగ మండిపడ్డాడు. "పాపసంకీర్తనంలో అబద్ధమాడతావా?"

గేదె తల దించుకునే అడిగింది. "అబద్ధమని తమరికెలా తెలిసింది స్వామీ? మడ అడవికి తమరు వెళ్ళలేదు కదా. కుక్కలే కదా వెళ్ళాయి."

ఊరంతా కొంగ వంక చూసింది. తేలు కుట్టిన దొంగలా వాడు ముక్కు మూసుకుని లోపలికి పోయాడు. ఆ ఏటినుంచి ఊళ్ళో అందరూ పాదిరి దగ్గర ఒప్పుకునేది ఒకటే పాపం, ప్రార్థనలో కునుకు తీయడం. మార్సెలా మాత్రం గంట మోగితే ఇప్పటికీ వెదురుపొదల వైపే చూస్తుంది.

మనసు విప్పేముందు, వినేవాడు ఎవరి ఉప్పు తింటున్నాడో చూసుకో.