అవ్వ పేరు పట్టుకుపోయిన బుడ్డి

ఎప్పుడని అడగొద్దు, ఏ రాజు నాడని అడగొద్దు. నాకు చెప్పినవాళ్ళకే తెలియదు. ఏటి ఒడ్డున ఇసకపాలెం అని ఒక ఊరు. ఊరినిండా గాజు కొలుములు. కరిగిన గాజుని గొట్టం చివర పట్టి, నోటితో ఊది, అత్తరు బుడ్లూ పన్నీరు బుడ్లూ చేసేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. నెత్తిన గంప, గంపలో బెల్లం. "పాత బుడ్లకి బెల్లమో!" అంటూ ఊరూరా తిరిగేది. ఇంటికొచ్చి ఒక్కో బుడ్డినీ బోర్లించేది. మూతి తీర్చేటప్పుడు బుడ్డి అడుగున ఒక కడ్డీ అంటిస్తారు; పని ముగించి దాన్ని విరిచినచోట గరుకు మచ్చ ఒకటి మిగులుతుంది. దాన్ని బొడ్డు అంటారు. ఒక్కొక్కరు ఒక్కో తీరున విరుస్తారు. అవ్వ దానిమీద బొటనవేలు పెట్టి, ఇది ఫలానా చెయ్యి అని చెప్పేసేది. గొప్పవాళ్ళ సరుకు ఎవరైనా పోలుస్తారు, అదేం వింత? ఊరూ పేరూ లేకుండా పోయినవాళ్ళని పోల్చేది అవ్వ ఒక్కతే.

ఆ పనివాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. పాత బుడ్డికి జతగా అలాంటిదే ఇంకోటి చెయ్యాలంటే, ముందు దాంట్లోకి ఊది ఎంత ఊపిరి పడుతుందో చూసుకోవాలి. ఊదేముందు దాన్ని చేసినవాళ్ళ పేరు చెప్పాలి. లోపల ఉన్నది వాళ్ళ ఊపిరి కదా! చెప్పకుండా పరాయింట్లోకి జొరబడతామా?

ఒకనాడు పేరిశెట్టి అనే వర్తకుడు మూడు పాత బుడ్లు తెచ్చాడు. ఒకటి పచ్చది, ఒకటి నీలం, ఒకటి తెల్లది. పొద్దు గూకేలోగా జతలు కావాలని అక్కడే కూర్చున్నాడు. పని ఒప్పుకున్నవాడు గురవడు. చెయ్యి మంచిదే, తొందరే చెడ్డది.

"అవ్వనడిగి పేర్లు కనుక్కోరాదూ?" అంది పెళ్ళాం మంగ.

"బెల్లం ముసలమ్మ కోసం కూచుంటే కొలిమి చల్లారుద్ది" అన్నాడు.

పచ్చదాంట్లో ఊదాడు. నీలందాంట్లో ఊదాడు. తెల్లదాంట్లో ఊదాడు. ఆ ఊదిన ఊపిరి ఇక వెనక్కి రాలేదు. గురవడు కుప్పకూలాడు. మూడు బుడ్ల లోపలా మసక కమ్మింది. కమ్మి తేలిపోయింది. మళ్ళీ కమ్మింది. అచ్చం మనిషి పడుకుని ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

మిట్టమధ్యాహ్నం. వీధిలో పిట్ట కూడా లేదు. మంగ ఏడుస్తూ వెళ్ళి అవ్వని చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

అవ్వ పచ్చబుడ్డిని బోర్లించి వేలు పెట్టింది. "ఎడంచేతి విరుపు. లింగాలూ, నువ్వా నాయనా? వదిలిపెట్టు." మసక పోయింది. గురవడి ముక్కుపుటాలు కదిలాయి.

నీలంబుడ్డిని బోర్లించింది. "రెండు మెలికలు. ముత్తేలూ, పెనిమిటి పోయాక గొట్టం పట్టినదానివి. నువ్వైనా వదులు తల్లీ." మసక పోయింది. గురవడి కళ్ళు తెరుచుకున్నాయి. ఊపిరి మాత్రం ఇంకా అందలేదు.

తెల్లబుడ్డిని బోర్లించింది. వేలు జారిపోయింది. అడుగు నున్నగా ఉంది.

"దీని బొడ్డేదిరా?"

పేరిశెట్టి తల దించుకున్నాడు. "అరగదీయించానవ్వా. సీమనుంచి ఓడలో వచ్చిన సరుకని అమ్ముదామని."

"నీ ఆశ మండ! చచ్చినోడి గుర్తు చెరిపేశావు కదరా!"

అవ్వ తెలిసిన పేరల్లా చెప్పింది. బుడ్డిలో మసక ఇంకా చిక్కబడింది. గురవడి పెదాలు నల్లబడ్డాయి. మంగ అవ్వ కాళ్ళు పట్టేసుకుంది. అవ్వకి భయమేసింది, ఎందుకు వెయ్యదు? అయినా బుడ్డి మూతి దగ్గర నోరు పెట్టింది.

"నీ పేరు పోయిందని కదా ఈ బిడ్డని పట్టుకున్నావు. నాది తీసుకో నాయనా."

తన పేరు చెప్పింది. అక్కడున్న ముగ్గురూ విన్నారు. మసక చప్పున పోయింది. గురవడు లేచి కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

మంగ పట్టరాని సంతోషంతో, పేరు కలిపి అవ్వా అని పిలవబోయింది. నాలిక మీద అవ్వ ఉంది, పేరు లేదు. గురవడికీ రాలేదు. పేరిశెట్టికీ రాలేదు.

అవ్వ మంగ వైపు తిరిగింది. "ఏమే మంగా, నన్నేమని పిలిచేవాళ్ళే మీరు?" అంది.

మూడోనాటికి అవ్వ పోయింది. మట్టిచేసేటప్పుడు పేరు చెప్పమంటే ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి పేర్లూ మోసిన మనిషికి పేరు చెప్పే దిక్కు లేకపోయింది.

ఇప్పటికీ ఆ తట్టున గాజు పనివాళ్ళు బుడ్డి అడుగు అరగదీయరు. ఎక్కడిదైనా నున్నటిది చేతికొస్తే, చేసినవాళ్ళెవరైనా సరే, వేలు పెట్టి "ఇది అవ్వది" అంటారు. అన్నాకే ఊదుతారు. నేనూ అన్నాను ఒకసారి. వేలికింద గాజు గోరువెచ్చగా తగిలింది.