నలభై రోజుల రుచి

జమ్మిగూడెం సంస్థానం రాజుగారు గోపాలభూపతి కోటలోని పదకొండు మెట్లు ఎక్కడానికి మూడుసార్లు ఆగేవారు. ఆగినప్పుడల్లా గోడమీది పటాలు చూస్తున్నట్టు నటించేవారు. అవి తాతగారి నాటి పటాలు. వాటిలో ఆయన కొత్తగా చూడవలసిందేమీ లేదు.

ఒకనాడు నిండు సభలో ఆయనకు పౌరుషం పుట్టుకొచ్చింది.

"మా తాతగారు దుర్గం కొండ మూడు వందల మెట్లూ పరుగున ఎక్కేవారట. మా చేత ఎక్కించగలవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

ఆస్థాన వైద్యుడు భుజంగశాస్త్రి లేచాడు. ఆయన కండువా సర్దుకున్నాడంటే ఉపన్యాసం మొదలైనట్టే.

"తెల్లదొరల సీమ నుంచి వచ్చిన బీట్‌రూట్ దుంప ఉంది ప్రభూ. రక్తం పట్టిస్తుంది, మలబద్ధకం పోగొడుతుంది, ఊపిరికి బలం, కాళ్లకు సత్తువ. రోజూ పొద్దున్నే ఒక చెంబుడు రసం, నలభై రోజులు. నలభై ఒకటో నాడు తమరు కొండెక్కుతారు. మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి, అది దుంప రంగే."

"ఎక్కలేకపోతే?"

శాస్త్రికి ఆ ప్రశ్న నచ్చలేదు. ద్వారం దగ్గర నిలబడ్డ పల్లకీ బోయీల వైపు చూశాడు.

"మందులో లోపం ఉండదు ప్రభూ. మోసేవాళ్లు కుదిపితే రసం ఒంటబట్టదు. అప్పుడు తప్పు బోయీలది."

"అలాగైతే వాళ్ల కొలువు ఊడుతుంది" అన్నారు రాజుగారు తీరిగ్గా.

బోయీల పెద్ద పైడయ్య వెనక్కి తిరిగి తనవాళ్లను చూశాడు. వాళ్లు నలుగురు, వాళ్లను నమ్ముకుని నాలుగు కుటుంబాలు. ఇన్నాళ్లూ రాజుగారి బరువు మోశారు. ఇప్పుడు ఆయన ఆయాసం కూడా వాళ్ల భుజాలకే ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే రాజుగారు షికారుకు బయలుదేరుతుంటే శాస్త్రి స్వయంగా వెండి చెంబు అందించాడు. పల్లకీ తోట మలుపు తిరిగిందో లేదో తెర కదిలింది. ముందు చెంబు బయటికొచ్చింది, వెనకాల రాజుగారి ముఖం.

"ఒరే పైడయ్యా, దీనికి మట్టి వాసనరా! మీరు తాగేయండి. బయటికి పొక్కిందో, తోలు ఒలిపిస్తాను."

"సిత్తం మారాజా."

అది మొదలు రోజూ అదే తంతు. రోజూ సాయంత్రం శాస్త్రి నాడి పట్టేవాడు.

"రక్తం పెరిగింది ప్రభూ! ఆ బుగ్గలు చూడండి!"

సభంతా బుగ్గలు చూసి తలాడించేది. నెల తిరిగేసరికి రాజుగారు కూడా అద్దంలో చూసుకుని నిజమేననుకోవడం మొదలుపెట్టారు.

నలభై ఒకటో నాడు సభంతా దుర్గం కింద చేరింది. ఎందుకైనా మంచిదని శాస్త్రి ఆ పొద్దు కూడా ఒక చెంబు ఇచ్చాడు. జనం మధ్య దాన్ని బయటికి పంపే వీల్లేక రాజుగారు పల్లకీలోనే ఓ మూల పెట్టేశారు.

మెట్లెక్కడం మొదలుపెట్టి పన్నెండో మెట్టు మీద కూలబడ్డారు. కోటలోకంటే ఒక మెట్టు ఎక్కువే లెండి.

శాస్త్రి తడుముకోలేదు. "నేను చెప్పలేదా ప్రభూ? రక్తం నిండుగా ఉంది. కుదుపే కొంప ముంచింది. వీళ్లను సాగనంపండి!"

రాజుగారు పైడయ్యను చూసి, వెంటనే కొండవైపు చూశారు. మందు తాగలేదని చెప్పడం కంటే నలుగురిని వెళ్లగొట్టడం తేలిక.

"కొలువు చాలించండిరా" అన్నారు మెల్లగా.

పైడయ్య వంగి దండం పెట్టాడు. "సిత్తం. పోయేముందు ఒక్క మాట మారాజా. తమరు అప్పగించిన పని నిన్నటితో అయిపోనాది."

రాజుగారు చటుక్కున తల తిప్పారు. "ఏం పనిరా?"

"కోటలో ఏ పదార్దమైనా తమరి నోటికి పోకముందు ఒకడు రుచి సూడాల. తాతల నాటి కట్టడి. అన్నానికైతే ఒక్క ముద్ద సాలు. మరి నలబై రోజుల మందుకో?"

రాజుగారు బద్ధకస్తుడే కానీ తెలివితక్కువవాడు కాదు. ముఖం చేటంత అయింది.

"నలభై రోజులూ చూడాలి! అందుకేగా రోజూ వీళ్ల చేత తాగించాం. మాకా మాత్రం తెలియదనుకున్నారా?"

శాస్త్రి నోరు తెరుచుకుంది. "అంటే... ప్రభువులు?"

"చుక్క ముట్టలేదు. మరి మా బుగ్గల్లో మీరు రోజూ చూసిన రక్తం ఎవరిది శాస్త్రిగారూ?"

సభ గొల్లుమంది. శాస్త్రి ముఖం కందగడ్డలా అయిపోయింది.

"వీళ్లు తాగి ఉంటే ఆ సత్తువేదీ? చూపించమనండి!"

"ఎక్కండి మారాజా" అన్నాడు పైడయ్య.

రాజుగారు కిందికి దిగొచ్చి పల్లకీలో కూర్చోగానే నలుగురూ ఎత్తుకున్నారు. ఓహోం, ఓహోం అంటూ మూడు వందల మెట్లూ ఎక్కేశారు. భుజం మార్చుకున్నారే కానీ ఒక్కచోటా దించలేదు. వెనకాల వచ్చినవాళ్లలో ఆఖరివాడు శాస్త్రి. ఆయన చివరి యాభై మెట్లూ కాళ్లతో కంటే చేతులతోనే ఎక్కువ ఎక్కాడు.

కొండమీద రాజుగారు తన బంగారు కడియం తీసి పైడయ్య చేతికి తొడిగారు.

"మీ నలుగురి కొలువూ బతికినన్నాళ్లు పదిలం. ఇకమీద కోటలో ఏ కొత్త మందైనా నలభై రోజులు రుచి చూడాల్సింది శాస్త్రిగారు. ఇంకేం కావాలో కోరుకోరా!"

"తమరి ఆరోగ్యం కావాల మారాజా."

పైడయ్య పల్లకీలో చెయ్యి పెట్టి వెండి చెంబు బయటికి తీశాడు. అంచు దాకా ఉన్న ఎర్రటి రసం ఒక్క చుక్కైనా తొణకలేదు. కుదుపు మాటెత్తిన శాస్త్రి తల దించుకున్నాడు.

"రుచి సూడ్డం అయిపోనాది. ఇయ్యాల్టి నుంచి వంతు తమరిది. ముక్కు మూసుకుంటే మట్టి వాసన తెలీదు, మాకు అలవాటే."

సభంతా పగలబడి నవ్వింది. తప్పించుకునే దారి లేక రాజుగారూ నవ్వేశారు. ముక్కు మూసుకుని గటగటా తాగేశారు.

ఆ పూట ఆయన బుగ్గలు నిజంగానే ఎర్రబడ్డాయి. ఆ మాట చెప్పడానికి శాస్త్రికే ఊపిరి చాల్లేదు.