మంగాయమ్మగారి గాలం

ప్రశ్న వేసిన వెంటనే జవాబు చెప్పడం చయనులుగారికి అలవాటు లేదు. "చూద్దాంలే" అనేసి లేచిపోయేవారు. ఆయన దగ్గర వేదం చెప్పుకుంటున్న సూరన్న ఓ సాయంత్రం ఒక సందేహం అడిగాడు. కష్టంలో ఎవరూ చెప్పకుండానే దేవుడు గుర్తొస్తాడు, అది గట్టెక్కాక రోజుల తరబడి గుర్తుకే రాడు, ఇదేమిటండీ అని. గురువుగారు చూద్దాంలే అన్నారు.

మర్నాడు గురువుగారి ఇంట సమారాధన. పాతికమంది దాకా భోజనానికి వస్తున్నారు. వంటకు నీళ్ళు తోడుతున్న సూరన్న చేతిలోంచి తాడు జారి, బిందె కాస్తా నూతిలో పడింది. మడినీళ్ళకు ఆ ఇంట ఉన్నది అదొక్కటే. అదీ గురుపత్నికి పుట్టింటివారు పెట్టిన బిందె. పొద్దెక్కుతోంది, పొయ్యి మీద ఎసరైనా లేదు. సూరన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి.

అలాంటప్పుడు వీధిలో ఎవరైనా పరుగెత్తేది ఎదురింటి మంగాయమ్మగారి దగ్గరికే. నూతిలో పడ్డవాటిని పైకి లాగే కొక్కేల గాలం వీధి మొత్తానికి ఆవిడ దగ్గరే ఉంది. అడిగితే కాదనదు గాని, ఓ చెంబు తన దగ్గర పెట్టి మరీ పట్టుకెళ్ళమంటుంది. సూరన్నకు పౌరుషం వచ్చింది. గురువుగారి ఇంటివాళ్ళని కూడా నమ్మరా అన్నాడు.

"నమ్మకం మాట కాదు నాయనా. బిందె పైకొచ్చాక గాలం ఎవరి కంటికీ కనపడదు," అందావిడ నవ్వుతూ.

చేసేది లేక, ఒడుగునాడు వాళ్ళమ్మ ఇచ్చిన సంధ్యావందనం చెంబే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

గాలం తిప్పుతున్నంతసేపూ సూరన్న పిలవని దేవుడు లేడు. చివరికి కొక్కెం బిందె మెడకు తగులుకుంది. ఆ బరువు చేతికి తెలిసినప్పుడు వాడి సంతోషం ఇంతా అంతా కాదు. ఎసరు పడింది, పప్పు ఉడికింది, పనసపొట్టు కూర అందరూ మారు అడిగి వేయించుకున్నారు. వచ్చినవాళ్ళు త్రేన్చుకుంటూ వెళ్ళాక సూరన్న కూడా రెండు బూరెలు ఎక్కువే తిని అరుగు మీద నడుం వాల్చాడు.

సాయంత్రం సంధ్య వార్చబోతే చెంబు లేదు. అప్పుడుగాని గాలం గుర్తుకు రాలేదు. అది నూతి పక్కన బురదలో పడి ఉంది. గబగబా కడిగి, ఇచ్చేసి, చెంబు తెచ్చుకున్నాడు. మంగాయమ్మగారు అన్నంతా అయిందండీ అని గురువుగారి దగ్గర జరిగిందంతా చెప్పుకుని సిగ్గుపడ్డాడు.

"గాలం ఇవ్వడానికి వెళ్ళావా, చెంబు తెచ్చుకోవడానికి వెళ్ళావా?" అన్నారు గురువుగారు.

పొద్దున్న నూతిగట్టు మీద అంతమంది దేవుళ్ళని పిలిచి, బిందె దొరికిందని ఒక్కరికైనా చెప్పుకోలేదన్న సంగతి అప్పుడు తట్టింది సూరన్నకు.

గురువుగారు కోప్పడలేదు. చిన్నగా నవ్వారు.

"మంగాయమ్మ మనల్ని ఎరుగును, అందుకే చెంబు పెట్టుకుంది. పైనున్న ఆయనా ఎరుగును. అయినా ఏమీ పెట్టుకోడు."