తెగని లెక్క

వెనకటికి ఒక రాజుగారు నాంచారమ్మ అనే పేదరాలికి పది చదరపు తాళ్ల చేను దానమిచ్చి, నాలుగు పక్కలా సమంగా కొలిచి ఇమ్మన్నారు. పక్కకు మూడు తాళ్లు వేస్తే తొమ్మిదే వస్తుందని, ఆ పైన ఎంత పెంచాలో తేల్చడానికి ఆస్థాన గణకుడు విరూపాక్షశాస్త్రి లెక్క వేస్తూ కూర్చున్నాడు.

దేవుడి దయవల్ల వాన కురిసింది. శాస్త్రి లేవలేదు. విత్తడానికి తగిన నేల పదును ఆరిపోతోంది.

"బాబూ, విత్తనాలు ఎప్పుడు చల్లుకోమంటారు?"

"ఉండవమ్మా! వెంట్రుకవాసి తేడా వస్తే నా పరువేం కావాలి?"

విసిగిపోయి ఆమె రాజుగారికే చెప్పుకుంది. "ప్రభూ, ఇప్పటికి పక్కకు నాలుగు తాళ్లు కొలిపించండి. శాస్త్రిగారి లెక్క తేలిన రోజున, ఎక్కువైన నేల వదిలేస్తాను."

శాస్త్రి అదిరిపడ్డాడు. "నాలుగా? పదహారవుతుంది ప్రభూ! ఈ లెక్క ఎన్నటికీ తెగదు!"

"తెగదని తెలిసేనా ఈవిణ్ణి ఇన్నాళ్లు తిప్పావు? లే, నాలుగు తాళ్లూ నువ్వే కొలువు!" అన్నారు రాజుగారు.