ఎవరికీ లేని పేరు

వికారి నామ సంవత్సరం, శరత్కాలం. ఆ ఏడు మణికేతు అనే రాజుకు ఆడపిల్ల పుట్టింది. మూడోనాడు తల్లి కన్నుమూసింది. పోయేముందు రాణి ఒక్కటే అడిగింది: "దీనికి ఎవరి పేరూ పెట్టకండి. దీని పేరు దీనికే ఉండాలి."

రాజు సరేనన్నాడు. అన్నాక మాట తప్పుతాడా?

ఇరవై ఒకటో రోజున బారసాల. ఈలోగా తలా ఒక పేరు తెచ్చారు.

"మా అమ్మ పేరు పెట్టరా, వెంగమాంబ" అంది రాజు తల్లి.

"అది మీ అమ్మ పేరమ్మా."

"రోహిణీ నక్షత్రం ప్రభూ! వనజ అనండి, వసంత అనండి" అన్నాడు పురోహితుడు.

"వీధికి ఇద్దరున్నారు."

"రత్నమాణిక్యహేమలత అందాం అన్నయ్యా! అన్నీ కలిపితే ఎవరికీ ఉండదుగా" అంది చెల్లెలు.

"పిలవడం అయ్యేసరికి పిల్లకి పెళ్ళీడు వస్తుంది."

"అయితే నీ కూతుర్ని ఏమండీ అని పిలుచుకో!" అని అలిగి వెళ్ళిపోయింది.

రాజు ఒక్కడే ఉయ్యాల దగ్గర కూర్చున్నాడు. రాణి ఉంటే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పిల్ల కళ్ళు తెరిచి చూసింది. ఏమని పిలవాలో ఆయనకు తెలియలేదు.

మర్నాడు సముద్రపు ఒడ్డున దిగులుగా తిరుగుతుంటే ఒక తాబేలు పలకరించింది. సంగతంతా విని, "ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడున్నాడు రాజా. ఎవరూ పెట్టుకోని పేర్లన్నీ వాడి చిలకకు తెలుసు. వాడి ప్రాణం కూడా దానిలోనే ఉంది. నా వీపెక్కు" అంది.

ఒక సముద్రం దాటారు. రాజు మాట్లాడలేదు. రెండోది దాటారు. మాట్లాడలేదు. ఏడోది కూడా దాటారు.

"ఏమయ్యా, నోట్లో నీళ్ళు పోసుకున్నావా?" అంది తాబేలు.

"మాట్లాడే మనిషి పోయింది" అన్నాడు రాజు.

దీవిలో చెట్టు కింద మాంత్రికుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. రాజు చెట్టెక్కి చిలకను పట్టుకున్నాడు. వాడు ఉలిక్కిపడి లేచాడు.

"మెడ నొక్కకు బాబూ! ఏం కావాలి? బంగారమా?"

"పేరు."

"ఇంకో రాజ్యమా?"

"పేరు."

"పోనీ, మళ్ళీ యవ్వనమా?"

"పేరన్నానా!"

మాంత్రికుడు నిట్టూర్చాడు. "చిలక చెబుతుంది. కానీ ఇక్కడ విన్నవాడు ఆ పేరు రాయగలడు, పలకలేడు. ఆ శాపం నేను పెట్టింది కాదు, తీసెయ్యడం నా చేత కాదు. నన్ను చంపితే పేర్లూ పోతాయి."

రాజుకు రాణి అడిగిన మాట గుర్తొచ్చింది. చిలకను చెవి దగ్గర పెట్టుకున్నాడు. విన్నాక వదిలేశాడు.

బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోశారు. రాజు ఉంగరంతో రాశాడు: తెమ్మెర. అంటే చల్లటి పిల్లగాలి. ఇక తండ్రి ఆ పేరు పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాలి. వంగాడు. నోరు తెరిచాడు. నాలుక కదలలేదు.

"చెప్పు అన్నయ్యా, ముహూర్తం దాటిపోతోంది" అంది చెల్లెలు. ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరికి ఆమే వంగి చెప్పింది: "తెమ్మెర, తెమ్మెర, తెమ్మెర." పిల్ల అత్త వైపు తల తిప్పింది.

తెమ్మెర పెరిగి పెద్దదై, తూర్పుదేశపు రాకుమారుణ్ణి పెళ్ళాడింది. ఇద్దరూ నలభై ఏళ్ళు చల్లగా ఏలారు. రాజ్యమంతా ఆమెను ఆ పేరుతోనే తలుచుకుంది. తండ్రి మాత్రం బతికినన్నాళ్ళూ "అమ్మాయీ" అనే పిలిచాడు.